గునపం పలికేదాకా

టెక్కలి డిపోలో సెలవు రెండ్రోజులే దొరికింది.
మొదటిరోజు తెల్లారకముందే
మెళియాపుట్టి రోడ్డు పక్క నా నూట ఇరవై గజాల్లో
లోకనాథం మేస్త్రి తాడు కట్టి ముగ్గు పోశాడు.
ఏ పండక్కీ నా చేత్తో
అంత తిన్నని గీత పడలేదు.

ముందు పైమట్టి.
తుంగగడ్డలు, వానపాములు,
ఎవరి బడి సంచిలోంచో జారిన పలకబద్ద.
"ఇది బతికున్న మట్టి, బరువు మొయ్యదు.
మొక్కలకి దాసుకో" అని
గేదెల దాలమ్మ ఓ వార పోగు పెట్టింది.

దాని కింద నల్లమట్టి.
వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది.
పక్కింటి కొత్త గోడ మీద
కిటికీ మూల నుంచి దిగిన బీట
దీని చేతిరాతే.

నాలుగడుగులు దిగాక
తూర్పు మూల దాలమ్మ ఆగింది.
గునపం ఎత్తి వదిలింది.
చప్పుడు లేదు.
మళ్ళీ వదిలింది.
పనసతొనలో వేలు దిగినట్టు
సగానికి దిగిపోయింది.

"ఓలమ్మ, ఇది నుయ్యి!"

తవ్వేకొద్దీ బయటికొచ్చాయి
కుండపెంకులు, తెగిన చేంతాడు,
కుళ్ళిన కొబ్బరిమట్టలు,
ఒంటికాలి రబ్బరు చెప్పు.
ఎండిపోయిన నూతిని చెత్తతో పూడ్చి
పైన నాలుగు తట్టల ఎర్రమట్టి సర్ది
గజాల లెక్కన అమ్మేశారు ఎవరో.
నా దస్తావేజులో హద్దులు నాలుగే రాశారు,
ఐదోది, కిందిది, రాయలేదు.

"రెండు ట్రాక్టర్ల ఇసక పోసీండి మేడం,
పైన బెడ్డేసేస్తే ఎవుడికి తెలుస్తాది?"
జేసీబీ కుర్రాడు దిగకుండానే అన్నాడు.
దాలమ్మ వాడికేసి చూడలేదు.
గునపానికంటిన బురద వేలితో తీసి
వాసన చూసి
ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టింది.

మరో నలభై ఐదు వేలన్నాడు మేస్త్రి.
ఇరవై రెండేళ్ళుగా చిల్లర లెక్కపెట్టిన దాన్ని,
నలభై ఐదు వేలంటే ఎన్ని టెక్కలి–నరసన్నపేటలో
నాకు తెలుసు.
ప్లాను కాయితం సిమెంటు బస్తా మీద పరిచి
నేను కుట్టుమిషన్ పెట్టుకుందామనుకున్న గదిని
పెన్నుతో కొట్టేశాను.
తవ్వండన్నాను.

రెండోరోజంతా కుళ్ళు మోశారు.
ఒడ్డు జారకుండా వాటంగా చెక్కుకుంటూ,
ఊరిన నీటిని ఇంజను పెట్టి తోడుకుంటూ,
తొమ్మిది, పది, పదకొండడుగులు.
టీ గ్లాసులు వచ్చే వేళకి
కిందనుంచి ఖంగుమంది.

దాలమ్మ తలెత్తి నన్ను చూసి
నాకు వినపడాలని ఇంకోసారి వేసింది.
ఖంగు.
నా నోట్లోంచి అలవాటుకొద్దీ
"రైట్ రైట్" వచ్చేసింది.
గోతిలో ఉన్నవాళ్ళూ గట్టు మీద ఉన్నవాళ్ళూ
ఒకటే నవ్వు.

ఇక పైకి రావడం.
జానెడు మొరం, మీద నీళ్ళు, దిమ్మిస.
మళ్ళీ జానెడు.
"ఒక్కసారే పోసీకూడదమ్మా,
ఆత్రపడితే తర్వాత కుంగుతాది" అంటూ
దాలమ్మ దిమ్మిస ఎత్తి వేస్తుంటే
నా అరికాళ్ళలోకి దెబ్బ వచ్చేది,
మొదట మెత్తగా, పోనుపోను గట్టిగా.

మూడోరోజు డ్యూటీలో ఉన్నాను.
కోటబొమ్మాళి దాటగానే వాన.
బస్సంతా కిటికీ షట్టర్లు దించుకుంటోంది,
నేను ఫోను పట్టుకుని వెనక సీట్లోకి పోయాను.
"గోతుల సుట్టూ కట్టేసినాం,
నీరు రోడ్డుకాలవలోకి పోతంది.
మీ టికెట్లు మీరు కొట్టుకోండి" అన్నాడు లోకనాథం.

గోడలింకా లేవలేదు.
కడ్డీలు కట్టి కాంక్రీటు పోశారు, అంతే,
వాటి చుట్టూ మట్టి కూడా సగమే పూడింది.
అద్దింట్లో మాత్రం నాకో అలవాటు పట్టింది.
వంటగదిలో, గుమ్మంలో, నీళ్ళకుళాయి దగ్గర
మడమతో ఒకసారి తట్టి వింటున్నాను.
ఇంటామె నిన్న అడిగేసింది,
చీమలేమైనా పట్టాయా అని.